మంత్రిని ఇచ్చి రాజును కట్టిన లెక్కల మాస్టారు

చదరంగం ముందు కూర్చోగానే మనలో చాలామందికి మొదట తోచేది పావుల్ని కాపాడుకోవడం. ఒక్క బంటు పోతే చాలు, ఇల్లు మునిగినంత దిగులు! అలాంటి మనం ఒక్కసారి తలచుకోవలసిన మనిషి అడాల్ఫ్ ఆండర్సన్.

1818 జూలై 6న ప్రష్యా దేశంలోని బ్రెస్లావు పట్టణంలో పుట్టాడాయన. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. తొమ్మిదో ఏట తండ్రి ఎత్తులు నేర్పాడు. పెద్దయ్యాక సొంత ఊళ్ళోనే లెక్కల మాస్టారుగా చేరాడు. పెళ్ళి చేసుకోలేదు. బడి, ఇల్లు, చదరంగం - అంతే ఆయన లోకం. సెలవులొస్తేనే దూరపు పందేలు.

ఆయన చేతిలో పదునెక్కిన ఆరంభాల్లో ఒకటి కింగ్స్ గాంబిట్. తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడుపుతారు. నల్లవారూ అంతే చేస్తారు. అప్పుడు తెల్లవారు పక్కనున్న శకటు బంటును కూడా రెండు గళ్ళు తోసి ఊరికే ఇచ్చేస్తారు. ఎందుకూ అంటే, దారి తెరవడానికి. నల్లరాజు పక్కన శకటు ముందరి గడికి మొదట్లో రాజు తప్ప వేరే కాపలా లేదు. దెబ్బ అక్కడ పడాలి. చిక్కల్లా ఏమిటంటే, తలుపు తీస్తే మన రాజుకూ ఎండ తగులుతుంది!

1851లో లండన్‌లో మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ జరిగింది. 16 మందిలో ఆండర్సనే గెలిచాడు. అయితే లోకం గుర్తుపెట్టుకున్నది ఆ పోటీ ఆటల్ని కాదు, ఆ రోజుల్లోనే తీరిక వేళ కీసెరిట్స్కీతో ఆడిన ఒక ఆటని. నాలుగో ఎత్తుకే ఆండర్సన్ రాజు షాకు తప్పుకుని కోట కట్టే హక్కు పోగొట్టుకున్నాడు. అయినా వెనక్కి తగ్గలేదు. ఒక శకటు ఇచ్చాడు, రెండు ఏనుగులూ ఇచ్చాడు, చివరికి మంత్రినీ ఇచ్చాడు! నల్లమంత్రి ఎక్కడో మూలన ఏనుగును మింగుతూ ఉండగా, రెండు గుర్రాలూ ఒక శకటూ కలిసి 23వ ఎత్తులో ఆట కట్టించాయి. నల్లవారికి పోయినవి మూడు బంట్లే. తరువాతి వాళ్ళు ఆ ఆటలో తప్పులు పట్టారు, నిజమే. అయినా దాని పేరు నేటికీ 'అమర క్రీడ'.

అసలు పరీక్ష 1858 డిసెంబరులో వచ్చింది. అమెరికా కుర్రాడు పాల్ మార్ఫీకి అప్పుడు 21 ఏళ్ళు, మాస్టారుకు 40. సెలవుల్లో పారిస్ వెళ్ళి 11 ఆటలాడి, ఏడు ఓడి, రెండే గెలిచాడు. రెండు డ్రా. పావులన్నీ బయటికి తెచ్చాకే దాడి చెయ్యాలని ఆ కుర్రాడి ఆట నేర్పింది. మాస్టారు సాకులు చెప్పలేదు. 1866లో స్టైనిట్జ్ చేతిలో 8-6తో ఓడాడు. అయినా 1862లో లండన్, 1870లో బాడెన్ బాడెన్ పోటీలు గెలిచాడు. రెండోదానిలో స్టైనిట్జ్‌నే వెనక్కి నెట్టాడు, 52వ ఏట!

ఆయన ఎత్తులు నేర్చి 50 ఏళ్ళయిందని 1877లో లైప్‌జిగ్‌లో పోటీ పెడితే, తన ఉత్సవంలో తానే ఆడి రెండోవాడుగా నిలిచాడు. 1879 మార్చి 13న సొంత ఊళ్ళోనే కన్నుమూశాడు.

మిత్రులారా! ఇవ్వడానికి గుండె ఉండాలి. ఓడినప్పుడు సాకు చెప్పకుండా మళ్ళీ బల్ల ముందు కూర్చోడానికి ఇంకా పెద్ద గుండె కావాలి. ఆ మాస్టారికి రెండూ ఉన్నాయి.