పక్క కణాలకి పని చెప్పిన ముక్క: హిల్డే మాంగోల్డ్ కథ

హిల్డే ప్రోషోల్ట్ 1898 అక్టోబర్ 20న జర్మనీలోని గోథాలో పుట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుతుండగా హాన్స్ స్పేమాన్ ఉపన్యాసం విన్నారు. అంతే, పిండశాస్త్రం వైపు మళ్ళిపోయారు. 1920లో ఫ్రైబర్గ్‌లోని ఆయన ల్యాబ్‌లో చేరారు. అక్కడే పనిచేసే ఓటో మాంగోల్డ్‌ను పెళ్ళి చేసుకున్నారు.

ఆమె చేసిన ప్రయోగం వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. న్యూట్ అని బల్లిలా ఉండే నీటి జీవి ఒకటుంది. లేత రంగు న్యూట్ పిండంలోంచి ఒక ముక్క తీసి, ముదురు రంగు జాతి పిండానికి పొట్ట వైపు అతికించాలి. పిండమేమో ఆవగింజంత. పనిముట్లు గాజు సూదులు, వెంట్రుక ఉచ్చులు. యాంటీబయాటిక్స్ లేని రోజులు కాబట్టి చాలా పిండాలు మధ్యలోనే చచ్చిపోయేవి.

బతికిన కొన్నింటిలో పొట్ట దగ్గర రెండో పిండం మొలిచింది! దాని నాడీ కణాలు చాలావరకు ముదురు రంగువే. అంటే అతికించిన ముక్క పక్క కణాలకి పని చెప్పిందన్నమాట. చర్మం కావాల్సినవి నాడులయ్యాయి. ఆ ముక్కకి ఆర్గనైజర్ అని పేరు పెట్టారు.

1924లో పేపర్ వచ్చింది. అది ఆమె థీసిస్ పనే అయినా, మొదటి పేరు మాత్రం స్పేమాన్‌ది. అదే సెప్టెంబర్‌లో ఇంట్లో హీటర్ ప్రమాదంలో కాలిపోయి ఆమె చనిపోయారు. అప్పటికి వయసు 25, చంటి కొడుకున్నాడు. 1935లో నోబెల్ స్పేమాన్‌కి వచ్చింది.

ఇంతకీ ఆ ముక్క ఏం చెప్పింది? అది 1990ల్లో తెలిసింది. చర్మంగా మారమని బీఎంపీ అనే ప్రోటీన్ సిగ్నల్ ఇస్తుంది. ఆర్గనైజర్ వదిలే నాగిన్ (పాము కాదు, ప్రోటీనే!) దాన్ని పట్టుకుని ఆపేస్తుంది. ఇందులో చక్కెరకీ ఒక పాత్ర ఉంది. కణాల బయట హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులుంటాయి. నాగిన్ వాటికి అతుక్కుని ఉంటుంది. 2001లో కౌజుపిట్ట పిండాల్లో సల్ఫ్1 అనే ఎంజైమ్ దొరికింది. అది కణం బయటే ఉండి, ఆ గొలుసుల నుంచి కొన్ని సల్ఫేట్లని తీసేస్తుంది. దాంతో నాగిన్ పట్టు జారుతుంది, బీఎంపీ సిగ్నల్ మళ్ళీ అందుతుంది. మన భాషలో చెప్పాలంటే కోడ్ ముట్టుకోకుండా సెట్టింగ్స్ మార్చడం లాంటిది.

ఇవేవీ ఆమె చూడలేదు. కానీ ఈ రోజు బయాలజీ పుస్తకం తెరిస్తే ఆ ముక్క పేరు స్పేమాన్-మాంగోల్డ్ ఆర్గనైజర్ అనే ఉంటుంది.