రెండు వెండ్రుకల బలము: చార్లెస్ కాటన్

ఐజాక్ వాల్టన్ రచించిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ గ్రంథమును చదివినవారికి చార్లెస్ కాటన్ పేరు క్రొత్త కాదు. ఆ గ్రంథమునకు ఉత్తరభాగము వ్రాసి గురుమిత్రుని ఋణము తీర్చుకొన్న కవి యితడు.

కాటన్ 1630వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన ఇంగ్లండునందలి స్టాఫర్డ్‌షైర్‌లో జన్మించెను. వారి బెరెస్‌ఫర్డ్ భవనము చెంతనే డవ్ నది ప్రవహించుచుండును. సున్నపురాతి కొండల నడుమ అద్దమువలె తేటయైన ఆ నీరు ట్రౌట్ చేపలకు పుట్టినిల్లు. 1658లో తండ్రి మరణింపగా కాటన్‌కు ఆస్తితోపాటు చిక్కులును సంక్రమించెను. అయినను అతడు కలము విడువలేదు. వర్జిల్ మహాకవి కావ్యమును హాస్యముగా అనుకరించి 1664లో ప్రకటించెను. ఫ్రెంచి రచయిత మాంటేన్ వ్యాసములకు అతడు చేసిన అనువాదము 1685లో వెలువడెను.

వాల్టన్ లండన్ వర్తకుడు. కాటన్‌కంటె ముప్పదియేడేండ్లు పెద్ద. 1674లో కాటన్ నదియొడ్డున చిన్న రాతిగృహము కట్టించి, ద్వారముపై తమ యిరువురి పేళ్ల తొలియక్షరములను పెనవేసి చెక్కించెను. అది నేటికిని నిలిచియున్నది. 1676లో వాల్టన్ గ్రంథము అయిదవ కూర్పునకు కాటన్ ఉత్తరభాగమును కొలది దినములలో వ్రాసి యిచ్చెను.

అందలి ప్రధానవిషయము కృత్రిమపు ఈగతో ట్రౌట్‌ను పట్టుట. ఈకలు, ఉన్ని, పట్టుదారము గాలమునకు చుట్టి ఈగరూపము కల్పించి నీటిపై విసరుదురు. దారము ముతకయైనచో తేటనీట చేప దానిని కనిపెట్టి తొలగిపోవును. మరీ సన్ననిదైనచో పెద్దచేప ఒక్క గుంజుతో తెంచుకొని పోవును. మరి యెంత బలము చాలును?

నాడు గుఱ్ఱపు వెండ్రుకలను పేని దారము చేసెడివారు. గాలము చెంత రెండు వెండ్రుకలు, ఆపై మూడు, నాలుగు, ఇట్లు క్రమముగా పెంచి కఱ్ఱకొస చెంతకు ఏడు కావలెనని కాటన్ నిర్ణయించెను. చెట్లును నాచును లేని నదిలో ఇరువది అంగుళముల ట్రౌట్‌నైనను ఆ రెండు వెండ్రుకలతో పట్టగలుగుట అతని దృష్టిలో నేర్పరికి పరీక్ష. అడ్డంకులున్నచో చేప వానిలో దూరి దారమును తెంపును. కావుననే అతడా నియమము పెట్టెను.

నాడు ట్రౌట్ వేటలో దారమును చక్రమునకు చుట్టుట వాడుక కాదు; దానిని కఱ్ఱకొసకే కట్టెడివారు. చేప పరుగెత్తినను విడుచుటకు దారము లేదు. అయిదాఱు గజముల కఱ్ఱ విల్లువలె వంగి ఆ తాకిడిని తాను భరించును. పట్టువాడు తొందరపడక చేపను అలయనిచ్చి ఒడ్డునకు తేవలెను. నేటి నైలాను దారములకు ఎంత బరువున తెగునో అంకె ముద్రింతురు. ఆ యంకెతోపాటు నీటి తేటను, అడ్డంకులను, కఱ్ఱ వంపును ఎంచవలసిన పని నేటికిని తప్పలేదు.

చేతిలోని దారమున కెంత బరువు తగునో యెఱిగిన కాటన్ తన అప్పుల బరువును మాత్రము మోయలేకపోయెను. 1681లో బెరెస్‌ఫర్డ్‌ను విక్రయింపవలసి వచ్చెను. 1683లో వాల్టన్ గతించెను. 1687లో కాటన్ లండన్‌లో కన్నుమూసెను. అతని కవితలు 1689లో వెలుగుచూచెను. శతాబ్దము గడచిన పిదప కోల్‌రిడ్జ్, లాంబ్ వంటి రసజ్ఞులు వానిని మెచ్చుకొనిరి. నది చేజాఱినను, ఆ నదియొడ్డున నేర్చిన విద్య మాత్రము గ్రంథమున నిలిచినది.