హెన్రీ ఫోర్డు

మౌలాలి నుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవు బాటలో ప్రతిదినము లెక్కకు మించిన మోటారుకార్లు సాగుచుండును. ఒకప్పుడు కారు ధనవంతుల వేడుకవస్తువు. దానిని సామాన్యుని ముంగిటికి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ ఫోర్డు.

ఆయన 1863 జూలై 30వ తేదీన అమెరికాదేశమున, మిచిగాన్ రాష్ట్రమునందలి యొక రైతుకుటుంబమున జన్మించెను. సేద్యము రుచింపక, పదునారవ యేట డిట్రాయిట్ నగరము చేరి యంత్రశాలలో పని నేర్చెను. 1896లో ఇంటి వెనుకనున్న కొట్టములో తన తొలి బండిని నిర్మించెను. పని ముగిసిన పిమ్మట వాకిలి యిరుకని తెలిసి, గోడ పగులగొట్టి దానిని వెలుపలికి తెచ్చెను.

1903లో ఫోర్డు సంస్థ వెలసెను. 1908లో 'టి' నమూనా కారు వెలువడెను. అది బురదబాటలకు ఓర్చునట్లు ఎత్తుగను, తేలికగను, దృఢముగను ఉండెను. 1913లో, పనివాడు నిలిచినచోటికే కారు చట్రము కదలివచ్చు పద్ధతిని నెలకొల్పగా, పండ్రెండున్నర గంటల కూర్పుపని గంటన్నరకు తగ్గెను. 850 డాలర్ల వెల క్రమముగా 300 డాలర్లకు లోబడెను. 1914లో ఫోర్డు పనివారి దినకూలిని 5 డాలర్లకు పెంచెను.

అయినను 'టి' కారునందు లోపములు లేకపోలేదు. పెట్రోలు తొట్టి ఆసనము క్రింద నుండెను. మౌలాలి గుట్టవంటి యేటవాలు ఎక్కవలసినప్పుడు, పెట్రోలు తక్కువైనచో యంత్రమునకు అందెడిది కాదు. అప్పుడు కారును వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో ఎక్కించెడివారు. ఇతర సంస్థలు మేలైన కార్లను తెచ్చుచుండెను. మార్పు వలయునని కుమారుడు ఎడ్సెల్ ఎంత వేడినను తండ్రి చిరకాలము చెవినిడలేదు. తన చేతి సృష్టిపై ఆయనకు గల మమకారము అట్టిది.

తుదకు అమ్మకములు క్షీణింపగా, 1927లో, కోటిన్నర కార్ల పిదప, 'టి' నిర్మాణము నిలిచెను. కర్మాగారము నెలలకొలది మూతపడగా వేలమంది పనివారు జీవనము కోల్పోయిరి. ఆ డిసెంబరులో 'ఏ' నమూనా వెలువడెను. 'టి' బలము 20 అశ్వశక్తులు. 'ఏ' బలము 40. దీనికి నాలుగు చక్రములకును బ్రేకులుండెను. పెట్రోలు తొట్టి ముందువైపున ఎత్తుగా అమరెను. ఎడ్సెల్ అభిరుచి దాని రూపమునకు సొంపు గూర్చెను. ప్రజలు దానిని ఉత్సాహముతో ఆదరించిరి.

ఫోర్డు 1947 ఏప్రిల్ 7వ తేదీన మరణించెను. యౌవనమున బండికొఱకు ఇటుకగోడను క్షణములో కూల్చిన ఆ దీక్షాపరుడు, తన మమకారమను గోడను కూల్చుటకు ఏండ్లు గడపెను. దాని మూల్యమును చెల్లించినవారు పనివారు. చేసిన మంచిపనియందు ప్రీతి యుండవలసినదే; కాని అంతకంటె మేలైనది కానవచ్చినప్పుడు దానిని స్వీకరించుట వివేకుల లక్షణము.