వృత్తి అడిగిన వైద్యుడు



మెడ పట్టేసిందనో, మణికట్టు లాగుతోందనో ఆసుపత్రికి వెళితే, ఏం పని చేస్తారని డాక్టరుగారు అడుగుతారు కదా. ప్రతి రోగినీ ఆ మాట అడిగి తీరాలని పట్టుబట్టిన వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. 1633లో ఇటలీలోని కార్పి అనే ఊళ్లో పుట్టారు.

మొదెనా నగరంలో ఉండగా, ఆయన ఇంటి మురుగు గొయ్యి ఎత్తిపోయడానికి వచ్చిన కూలీ ఒకరోజు తెగ తొందరపడుతున్నాడు. ఎందుకని అడిగితే, అందులో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయన్నాడు. ఆయన చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పటి నుంచి పనివాళ్లు పనిచేసే చోటికే వెళ్లి చూడటం మొదలుపెట్టారు. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం వేశారు. 1713లో దాన్ని పెంచి మళ్లీ అచ్చు వేయించారు.

అందులో గుమస్తాల గురించి చదువుతుంటే మన తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పద్దులు రాసేవాళ్లు గుర్తొచ్చారు. గుమస్తాల బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేయి ఒకే తీరుగా ఆడటం, తప్పు దొర్లకూడదన్న మానసిక ఒత్తిడి. మూడోది నాకు బాగా తెలుసు. జవాబు పత్రాలు దిద్దే వారంలో, మార్కుల కూడిక దగ్గరే నా భుజాలు బిగుసుకుపోతాయి!

జీవితమంతా రాతకోతల్లోనే గడిపిన ఒకాయన గురించి కూడా రాశారు. మొదట కుడిచేయి అలసిపోయేది. ఎన్ని మందులు వాడినా చివరికి చచ్చుబడింది. ఆయన పట్టుదలగా ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. కొన్నాళ్లకు అదీ అదే దారి పట్టింది.

దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు వంగి కూర్చుని కూర్చుని నడుము వంగిపోవడం చూసి, కనీసం సెలవు రోజునైనా ఒళ్లు కదిలించమన్నారు. ఏలూరులో మగ్గం ముందు కూర్చుని ఒక్కో ముడీ వేసే తివాచీ నేతగాళ్లకూ పనికొచ్చే సలహానే. మన పిల్లలకు మాత్రం ఆదివారం ఒక్కటే చాలదు. బడి, స్టడీ అవర్, ఇంటికొచ్చాక ట్యాబ్, అన్నీ కూర్చునే కదా!

ఈ రాత్రి హోంవర్క్ చేసేటప్పుడు ఒకసారి గమనించండి. పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేయండి. అరగంటకోసారి లేచి నీళ్లు తెచ్చుకోమనండి. మెడ నొప్పంటే చదువు ఎగ్గొట్టే సాకని కొట్టిపారేయకండి, ఎంతసేపు ఎలా కూర్చున్నారో అడగండి.

రామజ్జీనికి చివరి ఏళ్లలో చూపు మందగించింది. అయినా పాడువా విశ్వవిద్యాలయంలో బోధన మానలేదు. 1714లో, 81వ ఏట, పాఠం చెప్పడానికి బయలుదేరుతూనే కన్నుమూశారు.