సోజర్నర్ ట్రూత్

సోజర్నర్ ట్రూత్ (సుమారు 1797 - నవంబరు 26, 1883) అమెరికాకు చెందిన నల్లజాతి సంఘ సంస్కర్త, వక్త. బానిసత్వ నిర్మూలనకు, స్త్రీల హక్కులకు పాటుపడింది. అసలు పేరు ఇసబెల్లా. 1843లో ఈ పేరు పెట్టుకొన్నది.

బాల్యం

న్యూయార్క్ రాష్ట్రంలోని అల్‌స్టర్ కౌంటీలో బానిస దంపతులకు జన్మించింది. మాతృభాష డచ్చి. దాదాపు తొమ్మిదేళ్ళ ప్రాయంలో ఈమెను గొర్రెలతో కలిపి వంద డాలర్లకు అమ్మివేశారు. కొత్త యజమానులు మాట్లాడే ఇంగ్లీషు అర్థం కాక దెబ్బలు తినేది.

కుమారుని కొరకు న్యాయపోరాటం

1826లో చంటిబిడ్డతో యజమాని ఇల్లు విడిచింది. ఆమె కుమారుడు పీటరును గెడ్నీ అనే వ్యక్తి చట్టవిరుద్ధంగా అలబామాలోని తన బావ ఫౌలరుకు అమ్మాడు. ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించి 1828లో బిడ్డను తిరిగి పొందింది. అయితే న్యాయమూర్తి ఎదుట ఆ బాలుడు తల్లిని ఎరుగనన్నాడు. నుదుటి మచ్చ గుర్రం వలన కలిగినదన్నాడు. అది భయం పలికించిన మాట. ఇంటికి వచ్చాక చూస్తే వీపంతా కొరడా దెబ్బలే. కొద్దికాలానికే ఫౌలరు తన భార్యను, అంటే గెడ్నీ సోదరిని, కొట్టి చంపాడన్న వార్త వచ్చింది. బానిస బాలునిపై లేచిన చెయ్యే ఇల్లాలి ప్రాణమూ తీసింది. నిరక్షరాస్యురాలైన ట్రూత్ చెప్పగా ఆలివ్ గిల్బర్ట్ రాసిన జీవితచరిత్ర (1850) ద్వారా ఈ ఉదంతం లోకానికి తెలిసింది.

ఉపన్యాసాలు

1851లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ మహిళా సభలో చేసిన ప్రసంగం ప్రసిద్ధం. పన్నెండేళ్ళ తరువాత ఫ్రాన్సెస్ గేజ్ ప్రచురించిన పాఠమే ఎక్కువ ప్రచారం పొందింది. డచ్చి ఇంట పెరిగిన స్త్రీ నోట దక్షిణాది బానిసల యాసను పెట్టిన ఆ పాఠాన్ని యథాతథంగా నమ్మడం కష్టం.

1865లో వాషింగ్టన్ గుర్రపు ట్రాములో తనను నెట్టి భుజాన్ని గాయపరచిన కండక్టరుపై ఫిర్యాదు చేయగా, అతని ఉద్యోగం పోయింది. మిచిగాన్‌లోని బాటిల్ క్రీక్‌లో మరణించింది. 2009లో అమెరికా పార్లమెంటు భవనంలో ఈమె శిల్పాన్ని ప్రతిష్ఠించారు.