ట్రినిల్ కపాలము

హాలండు దేశీయుడగు యూజీన్ డ్యుబ్వా 1858లో జన్మించెను. మానవుని పూర్వరూపము భూగర్భమున దొరకునను నమ్మికతో, ఆమ్‌స్టర్‌డామ్‌లో శరీరనిర్మాణశాస్త్ర బోధకుని కొలువు విడిచి, 1887లో సైనికవైద్యుడై డచ్చివారి తూర్పు ఇండియా దీవులకు పయనించెను.

1891లో జావాలోని ట్రినిల్ వద్ద, సోలో నది యొడ్డున, కపాలపు పైచిప్పయు, మరుసటి యేడు తొడయెముకయు లభించెను. కపాలము వానరమునకు పెద్దది, మనుష్యునకు చిన్నది. తొడయెముక నిటారుగా నడచిన జీవిది. 1894లో అతడు దీనిని వానరమానవునిగా ప్రకటింపగా, కొందరు పండితులు వానరమేయనిరి, కొందరు మనుష్యుడేయనిరి. రెండెముకలును ఒక్క జీవివేనా యను శంకయు పుట్టెను.

వాదము ముదిరిన పిదప అతడా యెముకలను చాలయేండ్లు దాచి, 1923లోగాని మరల చూపలేదు. 1937లో జావాలోనే సాంగిరాన్ వద్ద దొరకిన కపాలము, అది ఆదిమానవజాతియేయని తేల్చెను. ఆ పోలిక నంగీకరింపకయే డ్యుబ్వా 1940లో కన్నుమూసెను. పెట్టెలోని యెముక తీర్పలేని సందేహమును, అందరియెదుట నిలిచిన యెముక తీర్చినది.