మూడు పిలుపుల రాత్రి - డాక్టర్ ఐడా స్కడ్డర్ జీవితం

చిత్తూరు, నెల్లూరు సీమలలోని తెలుగు కుటుంబాలలో ఎవరికైనా పెద్ద జబ్బు చేసినప్పుడు తరతరాలుగా మొదట తలపునకు వచ్చే ఊరు వేలూరు. ఆ ఊరికి అంతటి పేరు తెచ్చిన క్రైస్తవ వైద్య కళాశాలను నెలకొల్పిన వనిత, మొదట దైవసేవకు ససేమిరా అన్న యువతి.

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరు 9న, నాటి ఉత్తర ఆర్కాడు జిల్లాలోని రాణిపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ అమెరికా నుండి వచ్చిన వైద్య మిషనరీలే. పసితనంలోనే ఆమె ధాత కరువును కన్నులారా చూశారు. ఆకలితో అలమటించే పిల్లల నోటికి రొట్టెముక్కలు అందించారు. ఆ దృశ్యాలు ఆమెను ఈ దేశానికి దగ్గర చేయలేదు సరికదా, దూరం చేశాయి. అమెరికాలో చదువుకుంటూ, అక్కడే సుఖంగా స్థిరపడాలని నిశ్చయించుకున్నారు. వంశమంతా నడచిన బాటలో తాను మాత్రం నడవనని గట్టిగా అనుకున్నారు.

1890లో తల్లి అస్వస్థురాలైనందున, కొంతకాలం తోడుగా ఉండి తిరిగి వెళ్లే ఉద్దేశంతో తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు బంగళా తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు ముస్లిం, మరొకరు మొదలియారు. ముగ్గురి ఇళ్లలోనూ ఇల్లాళ్లు ప్రసవవేదనలో ఉన్నారు. వైద్యులైన తండ్రిగారు వస్తారని ఐడా చెప్పగా, పరపురుషుని లోనికి రానిచ్చే ఆచారం లేదని, ఆమెనే రమ్మని వారు వేడుకున్నారు. ఆమెకు వైద్యం తెలియదు. ముగ్గురూ వట్టి చేతులతో మరలిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ మరణించారు.

ఆ రాత్రి నిద్రలేకుండా ప్రార్థనలో గడిపిన ఐడా, మరునాడే తల్లిదండ్రులకు తన నిర్ణయం తెలియజేశారు. అమెరికా వెళ్లి వైద్యం చదివి, ఈ దేశపు స్త్రీల కోసం తిరిగి వస్తానన్నారు. ఏండ్ల తరబడి కాదన్న పిలుపునకు ఒక్క రాత్రిలో తలవంచారు. అయితే ఆ విధేయత వలన ఆ ముగ్గురు తల్లులకు ఒరిగినదేమీ లేదు. ఈ కథ చెప్పేవారు తరచు ఈ మాట దాటవేస్తారు గాని, ఐడా తరువాతి జీవితంలోని తొందర అంతా దీనివల్లనే అర్థమవుతుంది.

స్త్రీలను చేర్చుకొన్న తొలి బృందంలో ఒకరిగా కార్నెల్ వైద్య కళాశాల నుండి 1899లో ఆమె పట్టభద్రులయ్యారు. న్యూయార్క్ నగరంలోని షెల్ అనే బ్యాంకు యజమాని తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10,000 డాలర్లతో 1900లో వేలూరు చేరారు. అనుభవజ్ఞులైన తండ్రిగారి చేతి కింద పని నేర్చుకోవచ్చునన్నది ఆమె ధైర్యం. కొద్ది నెలలకే ఆయన కన్నుమూశారు. అండ లేదు, ఆసుపత్రి ఇంకా కట్టలేదు, పిల్ల డాక్టరమ్మను నమ్మి వచ్చే రోగి లేడు. దేవుని మాటకు లోబడినవారికి దారి సాఫీగా ఉంటుందని ఎవరైనా అనుకొంటే, ఆ సంవత్సరపు వేలూరును చూడవలసినది. బంగళాలోని చిన్న గదిలోనే ఆమె వైద్యం ఆరంభించారు. రెండేండ్లలో 5,000 మందిని చూశారు. 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది.

రాలేని రోగుల వద్దకు తానే బయలుదేరారు. వారానికొక నాడు గుడియాత్తం బాటలో, మొదట జట్కాలోను, 1909 తరువాత మోటారు కారులోను పోతూ చెట్ల నీడన ఆగి మందులిచ్చేవారు. 1909లో నర్సుల పాఠశాల, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల వెలిశాయి. ఆడపిల్లలు వైద్యం చదవడానికి వస్తారా అని మద్రాసులోని పెద్ద అధికారి సందేహించగా, మొదటి సంవత్సరమే 151 దరఖాస్తులు వచ్చాయి.

అసలైన పరీక్ష వార్ధక్యంలో ఎదురైంది. 1938లో మద్రాసు ప్రభుత్వం పాత ఎల్.ఎం.పి. చదువును ఆపివేసి, విశ్వవిద్యాలయ పట్టానే గుర్తించాలని నిర్ణయించింది. తగిన భవనాలు, ఆచార్యులు, ధనం లేక పాఠశాల మూతపడే స్థితి వచ్చింది. డెబ్బై ఏండ్ల వయస్సులో, యుద్ధం నడుమ, ఐడా అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి విరాళాలు కోరారు. అప్పుడే మరొక చిక్కు వచ్చిపడింది. పురుషులను కూడా చేర్చుకొంటేనే సంస్థ నిలుస్తుందని కొందరన్నారు. స్త్రీల కోసమే ధనమిచ్చిన పాత స్నేహితురాండ్రు అది నమ్మకద్రోహమన్నారు. మూడు మరణాల నుండి పుట్టిన సంకల్పం స్త్రీల కోసమే గదా! చాలాకాలం మథనపడి, చివరకు ఆమె సహవిద్యకు సమ్మతించారు. ఆత్మీయుల మైత్రి కొంత చెడినది. 1942లో కళాశాల స్థాయి లభించింది, 1947లో పురుష విద్యార్థులు ప్రవేశించారు.

1946లో పదవీ విరమణ చేసిన ఐడా 1960 మే నెలలో కొడైకెనాలులో పరమపదించారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏండ్లలోనే ఆ సంస్థ పగ్గాలు ఒక భారతీయ వైద్యురాలి చేతికి వచ్చాయి. ఆమె విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. ప్రసూతి వైద్యమే ఆమె ప్రత్యేక విద్య.